ధవళేశ్వరం లాకులు

గోదావరి జిల్లాల నుంచి వచ్చి కటకంలోను, ఖుర్దారోడ్డులోను స్థిరపడిన మన పెద్దవారిని "మీది ఏ ఊరండీ?" అని అడిగితే, చాలమంది ఊరి పేరు చెప్పి ఊరుకోరు. ఫలానా లాకులకు ఇవతల అనో, ఫలానా కాలువ గట్టు మీద అనో ఒక గురుతు కూడా చెబుతారు. లొల్ల లాకులు, చొప్పెల్ల లాకులు, కాకరపర్రు లాకులు అనే మాటలు వారి నోట ఊరి పేర్లవలెనే వినబడతవి. ఇక్కడ పుట్టి పెరిగిన మన పిల్లలకు మాత్రం లాకు అంటే తలుపుకు వేసే తాళమే. వారికోసమూ, కాలువ గట్టున పుట్టి కూడ లాకుల చరిత్ర తెలిసికొనే తీరిక దొరకని మనబోటి వారికోసమూ ఈ నాలుగు మాటలు వ్రాయబూనాము. మొన్న మాఘమాసంలో ఒక పెండ్లికి రాజమహేంద్రవరం వెళ్ళినప్పుడు, పిల్లలను వెంటబెట్టుకొని ధవళేశ్వరం లాకులను చూచి వచ్చాము. చూచినదీ, చదివి తెలిసికొన్నదీ కలిపి మనవి చేస్తున్నాము.

ముందుగా, ఆ లాకులు లేని కాలం ఎట్లా ఉండేదో తెలిసికోవాలి. ఈనాడు గోదావరి డెల్టా అనగానే పచ్చని చేలు, కొబ్బరి తోటలు కళ్ళకు కడతవి. నూట తొంభై ఏళ్ళ క్రిందట ఆ సీమ అట్లా లేదు. అంతటి నది ఊళ్ళ ప్రక్కనే పారుతున్నా, వరదనాడు ముంచడమే గాని కరువునాడు ఆదుకోవడం దానికి చేతనయ్యేది కాదు. నీరు పల్లాన, పొలం మెరకన ఉండేవి. 1832–33 నందన నామ సంవత్సరపు కరువు పేరు చెబితే తరతరాలు భయపడినవి. 1839లో ఉప్పెన వచ్చి కోరంగి తీరాన్ని తుడిచిపెట్టింది. ప్రభుత్వ లెక్కల ప్రకారం 1821లో ఆ జిల్లా జనసంఖ్య 7,38,308. 1841 నాటికి అది 5,61,041కి పడిపోయింది. ఇరవై ఏళ్ళలో లక్షా డెబ్బైయేడు వేల మంది తగ్గిపోయారన్నమాట. చచ్చినవారు చావగా, మిగిలినవారిలో చాలమంది పొట్ట చేత పట్టుకొని ఊళ్ళు విడిచారు. పొట్టకూటికి ఊరు విడవడమంటే ఏమిటో వలస వచ్చిన కుటుంబాలలో పుట్టిన మనకు వేరే చెప్పనక్కరలేదు.

జిల్లా దుస్థితిని విచారించడానికి హెన్రీ మాంట్‌గోమరీ అనే అధికారిని ప్రభుత్వం నియమించింది. నీటి వసతి కల్పిస్తే తప్ప ఆ సీమ కోలుకోదని ఆయన వ్రాశాడు. ఆ పని ఆర్థర్ కాటన్ చేతికి వచ్చింది. 1803లో ఇంగ్లండులో పుట్టిన ఈయన అప్పటికే తంజావూరు సీమలో పనిచేసి, 1836లో కొల్లడం నది మీద ఆనకట్ట కట్టించినవాడు. కావేరి మీద చోళరాజులనాటి కల్లణైని చూచి, రాతి పునాది దొరకని ఇసుక నేలలో కట్టడం ఎట్లా నిలుస్తుందో అక్కడి పూర్వుల పనినుంచే నేర్చుకొన్నానని ఆయనే చెప్పుకొన్నాడు. దక్షిణదేశపు పాత విద్య గోదావరి ఒడ్డుకు ఆ దారిన వచ్చింది.

ధవళేశ్వరం దగ్గర పని 1847లో మొదలై 1852లో ముగిసింది. అక్కడ నది లంకల మధ్య నాలుగు పాయలై ఉంటుంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ఖండాలుగా ఆనకట్ట కట్టారు. కట్టడం పొడవు అన్నీ కలిపి పన్నెండు వేల అడుగులకు కొంచెం తక్కువ. ఇసుకలో రాయి పోసి, సున్నంతో కట్టి, నదిని ఆపివేయకుండా దాని మట్టాన్ని మాత్రం లేపారు. మట్టం లేచేసరికి నీరు తనంత తానే కాలువలలోకి ఎక్కింది. తూర్పు డెల్టాకు ధవళేశ్వరం వద్ద, మధ్య డెల్టాకు బొబ్బర్లంక వద్ద, పశ్చిమ డెల్టాకు విజ్జేశ్వరం వద్ద కాలువల తలలు ఉన్నవి.

ఈ పనిలో కాటన్ దొర పేరుతోపాటు తప్పక తలవవలసిన పేరు వీణెం వీరన్న గారిది. వేలమంది కూలీలను కూడగట్టి, వారికి పని పంచి, వరదకూ ఎండకూ చెదరకుండా నిలబెట్టినవారు ఆయన. ఈ సేవకు ప్రభుత్వం ఆయనకు రాయబహదూరు బిరుదునూ, మెంటిపూడి గ్రామపు రాబడినీ ఇచ్చింది. గోదావరి గట్టున కాటన్ దొర విగ్రహాలు ఊరూరా కనబడతవి. గోదావరిలో స్నానం చేసి సంకల్పం చెప్పుకొనే వేళ ఆయన పేరు తలచిన పండితులు కూడా ఉన్నారట. అది ఆయనకు తగిన గౌరవమే. కాని రాయి మోసినవారికి విగ్రహాలు లేవు. వారి పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. మన ముత్తాతలలో ఎవరెవరు ఆ తట్టలు మోశారో చెప్పగలవారు ఈనాడు లేరు.

రైలు ఉద్యోగులమైన మాకు ఇక్కడ ఒక సంగతి ప్రత్యేకంగా నచ్చింది. మన దేశంలో ప్రయాణీకుల రైలుబండి మొదట నడిచింది 1853 ఏప్రిల్ 16న, బొంబాయి నుంచి ఠాణాకు. అంతకు ముందే ధవళేశ్వరంలో కొండ తొలిచి తీసిన రాళ్ళను నది దగ్గరకు చేర్చడానికి ఇనుప పట్టాలు వేసి బండ్లు నడిపారు. ఇంకా వెనుక 1837లో చెన్నపట్నం దగ్గర ఎఱ్ఱకొండల నుంచి రోడ్డు రాళ్ళు తెచ్చిన పట్టాల దారికీ కారకుడు ఈ కాటనే. అంటే కాలువల కాటన్ అని మనం చెప్పుకొనే ఆయనే ఈ దేశంలో తొలినాటి పట్టాలు కూడా వేయించాడు.

ఇక లాకు సంగతి. కాలువ ఉన్నది పొలానికి నీరివ్వడానికి అని మనం అనుకొంటాము. కట్టినవారి ఉద్దేశం అంతటితో ఆగలేదు. ఆ రోజులలో డెల్టాలో రోడ్లు లేవు. వానాకాలంలో బండి చక్రం రేగడిలో దిగితే ఎడ్లు లేవలేకపోయేవి. కనుక నీరు పారే కాలువనే పడవ నడిచే దారిగా కూడా చేశారు. కాని కాలువ పల్లానికి పోతుంది. మధ్య మధ్య నీటిమట్టం మెట్టువలె దిగుతుంది. పొలానికి పారే నీరు మెట్టు దూకగలదు గాని ధాన్యం నింపిన పడవ దూకలేదు. ఆ మెట్టు దగ్గర పడవను దించడానికీ ఎక్కించడానికీ కట్టినదే లాకు.

దాని పని మా పిల్లలకు చెప్పినట్లే ఇక్కడ చెబుతాము. కాలువకు ఇరువైపులా రాతి గోడలు, ఎగువన ఒక జత తలుపులు, దిగువన ఒక జత తలుపులు, మధ్య పెద్ద తొట్టి. ఎగువనుంచి పడవ వచ్చినప్పుడు తొట్టిలో నీరు ఎగువ మట్టానికి నింపి పై తలుపులు తెరుస్తారు. పడవ లోపలికి వచ్చాక ఆ తలుపులు మూసి, దిగువ వైపు చిన్న తూము ఎత్తుతారు. తొట్టిలో నీరు మెల్లమెల్లగా తగ్గుతుంది. నీటితోపాటు పడవా దిగుతుంది. లోపలి నీరూ దిగువ నీరూ సమమైన తరువాత క్రింది తలుపులు తెరిస్తే పడవ తన దారిన పోతుంది. ఎదురు వచ్చే పడవకు ఇదే పని తలక్రిందుగా జరుగుతుంది. ఇందులో ఆవిరి లేదు, విద్యుత్తు లేదు. నీటి బరువే నీటిపని చేస్తుంది. రెండు తలుపులూ సూటిగా మూసుకోక, ఎగువ వైపుకు మొన తిరిగి కలుస్తవి. అందుచేత నీరు ఎంత నెడితే అవి అంత గట్టిగా బిగుసుకొంటవి. సమం కాకముందు వాటిని తెరవడం మనుష్యుల తరం కాదు. మా స్టేషనులో సిగ్నలు పడనిదే బండి కదలదు. లాకులో నీరు సమం కానిదే తలుపు కదలదు.

మేము వెళ్ళిననాడు కాలువలో దాళ్వా పంటకు నీరు నిండుగా పారుతున్నది. రాజమహేంద్రవరం నుంచి ధవళేశ్వరం నాలుగైదు మైళ్ళే. గట్టు మీద కాలువ శాఖలో పనిచేసి విరమించిన ఒక లస్కరు కనిపించాడు. తండ్రి కూడా లాకుల మీద పనిచేసినవాడేనట. "బాబాయిగారూ, ఈ లాకులు ఇంకా పనిచేస్తున్నవా?" అని అడిగాము.

"పని చెయ్యకపోతే ఈ నీరెక్కడిదండీ?" అని నవ్వాడు ఆయన. "మీరు పడవల సంగతి అడుగుతున్నారు. అవి పోయినయ్యండి. మా నాన్నగారి రోజుల్లో రాత్రి వేళ పడవవాళ్ళు దూరంనుంచే కేక వేసేవారంట. ఆ కేక విని లేచి తలుపుల దగ్గరకు పరుగెత్తేవారంట. ఇప్పుడు కేక లేదు గాని, నీరు ఎంత వదలాలి, ఎప్పుడు తగ్గించాలి అనేది ఉన్నదండి. తూము ఒక్క జానెడు ఎక్కువ లేచినా శివారు పొలంవాడికి తెలిసిపోద్దండి."

మా చిన్నవాడు "తాతా, మీరు ఒక్కరే తెరిచేవారా?" అన్నాడు. "ఒక్కడివల్ల అయ్యే పని కాదు బాబూ. ఈ గట్టుమీద ఏ పనీ ఒక్కడివల్ల అవదు" అన్నాడు ఆయన.

ఆయన మాటలోని సంగతి పాఠకులు గమనించాలి. గోదావరి వాడుకలో లాకులు అంటే పడవ తొట్టి ఒక్కటే కాదు. దానిని ఆనుకొన్న తూములు, వంతెన, లస్కరుల ఇండ్లు అన్నీ కలిపి లాకులే. పడవ పని పోయినా నీటి పని ఈనాటికీ సాగుతూనే ఉన్నది. ఏటా వేసవిలో కాలువలు కట్టివేసి మరమ్మతులు చేస్తారు. జూన్ నెలలో గోదావరమ్మకు పసుపు కుంకుమలు సమర్పించి, తూములు ఎత్తి, సార్వాకు నీరు వదులుతారు. నూట డెబ్బై ఏళ్ళకు పైగా సాగుతున్న వాడుక ఇది.

పడవల కాలంలో ఈ దారి ఎంత పెద్దదో ఈనాడు ఊహించడం కష్టం. గోదావరి డెల్టాలో పడవ నడిచే కాలువలే దాదాపు 500 మైళ్ళు. ఏలూరు కాలువ గోదావరిని కృష్ణతో కలిపింది. బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్టను చార్లెస్ ఆర్ 1852–55 మధ్య కట్టించాడు. అక్కడినుంచి కొమ్మమూరు కాలువ, దానికి దిగువ బకింగ్‌హాం కాలువ. కాకినాడలో ఎక్కించిన సరకు సముద్రం ముఖం చూడకుండా చెన్నపట్నం చేరేది. గాలి ఉంటే తెరచాప ఎత్తేవారు. లేకపోతే గట్టు మీద మనుష్యులు నడుస్తూ తాడుతో లాగేవారు. ధాన్యం, ఉప్పు, కలప, పెండ్లివారు, యాత్రికులు అందరికీ అదే దారి. రంగూనుకు కూలికి పోయినవారు కాకినాడ రేవులో ఓడ ఎక్కేవారు. లోపలి పల్లెలవారికి రేవుదాకా దారి కాలువే. బర్మాలో మనవారికి కోరంగీలు అనే పేరు వచ్చింది ఆ తీరంలోని కోరంగి రేవు వల్లనే. పొలానికి నీరు తెచ్చిన కాలువే మనుష్యులను దూరదేశాలకు చేర్చిందంటే, పంట పెరిగినా దానిలో భాగం లేనివారు ఎందరు ఉన్నారో తెలుస్తుంది.

అన్ని లాకులూ ఫలించలేదు. భద్రాచలానికి ఎగువన గోదావరిలో రాతి మెట్టలను దాటించి, నడి హిందూస్థానంలోని పత్తిని నది మీద దించాలని పెద్ద ప్రయత్నం జరిగింది. దుమ్ముగూడెం వద్ద ఆనకట్ట కట్టారు. ఈలోగా బొంబాయి రైలు 1867లో నాగపురం చేరింది. పత్తి రైలెక్కింది. 1871లో ప్రభుత్వం ఆ పథకాన్ని విడిచిపెట్టింది.

డెల్టా కాలువలకూ రైలు పోటీ తప్పలేదు. ఈ దేశానికి రైలు కన్న నీటిదారులే చౌక, మేలు అని కాటన్ జీవితమంతా వాదించాడు. 1878లో పార్లమెంటు సంఘం ఎదుట కూడా అదే చెప్పాడు. రైలు కంపెనీలకు ప్రభుత్వం నూటికి అయిదు వడ్డీ పూచీపడి మరీ డబ్బు సమకూర్చింది. కాలువలకు అంత ఆదరం దొరకలేదు. బెజవాడ నుంచి కటకం వైపు తూర్పుతీరపు రైలుదారి 1893లో మొదలై కొద్ది ఏళ్ళలో సాగింది. రాజమహేంద్రవరం వద్ద హేవలాక్ వంతెన 1900లో తెరుచుకొన్నది. కాటన్ అంతకు ముందటి ఏడే, 1899 జూలై 24న కన్నుమూశాడు. తరువాత రోడ్లు, బస్సులు, లారీలు వచ్చినవి. పడవలు తగ్గి తగ్గి చివరకు నిలిచిపోయినవి. తాడు లాగినవారు, గడ వేసినవారు, లాకుల దగ్గర పూటకూళ్ళు నడిపినవారు వేరే పనులు వెదుక్కొన్నారు. మనలను ఈ కటకానికి తెచ్చిన రైలు మరొకరి జీవనాధారాన్ని తీసివేసిందన్నది నిజం. మేము ఆ రైలు ఉప్పు తింటున్నవాళ్ళమే అయినా ఈ మాట దాచడం న్యాయం కాదు.

కాలం రైలునూ విడిచిపెట్టలేదు. హేవలాక్ వంతెన మీద 1997తో రైళ్ళు ఆగిపోయినవి. కాటన్ ఆనకట్ట కూడా ముసలిదైపోగా, 1970లో పనులు మొదలుపెట్టి 1982 నాటికి కొత్త బ్యారేజి కట్టి దానికి ఆయన పేరే పెట్టారు. దానికి 175 తలుపులు. ఆనకట్ట మారినా, వంతెన మారినా, కాలువ దారి మాత్రం మారలేదు. పది లక్షల ఎకరాలకు నీరు ఆ పాత దారులనే పోతున్నది. కాకినాడ నుంచి పుదుచ్చేరి వరకు కాలువలనూ, గోదావరి కృష్ణలనూ కలిపి 2008లో నాలుగవ జాతీయ జలమార్గంగా ప్రకటించారు. మరల పడవలు నడిపించాలన్న ఆశ కాగితం మీద బ్రతికే ఉన్నది. మేము చూచిన కాలువలో మాత్రం కొన్ని చోట్ల గుర్రపుడెక్క అల్లుకొన్నది. ఊళ్ళ చెత్త గట్టు దిగి నీటిలోకి వస్తున్నది. పూర్వులు కట్టినదానిని పొగడడం సులువు. పూడిక తీసి, చెత్త పడకుండా కాపాడడమే కష్టం. లాకులు ఇంతకాలం నిలిచింది గొప్పవారి పేరువల్ల కాదు, ఏటేటా మరమ్మతు చేసిన చేతులవల్ల.

ఇంతకీ ధవళేశ్వరం కథకూ మనం ఉంటున్న కటకానికీ సంబంధం ఉన్నది. 1858లో కాటన్ ఒరిస్సాకు వచ్చి మహానదిని చూచి, గోదావరి మీద చేసినట్లే ఇక్కడా ఆనకట్టలూ కాలువలూ కావాలని సలహా ఇచ్చాడు. దానిమీదనే ఒక కంపెనీ ఏర్పడి 1860ల మొదట్లో పని చేపట్టింది. పని పూర్తికాకముందే 1866 నాటి ఘోరమైన కరువు వచ్చి, లక్షల ప్రజలను పొట్టనపెట్టుకొన్నది. కంపెనీ నిలదొక్కుకోలేక 1868లో తన పనులను ప్రభుత్వానికి అమ్మివేసింది. మన ఊరిలో జోబ్రా దగ్గర మహానది ఆనకట్ట, అక్కడ మొదలయ్యే తాలదండా కాలువ ఆనాటివే. ఈ కాలువలలో కూడా పడవలు నడిచినవి, లాకులు ఉన్నవి. ఆనాటి జోబ్రా కర్మాగారంలో 2013 నుంచి ఒడిశా రాష్ట్ర నౌకావస్తుశాల నడుస్తున్నది. రోజూ సైకిలు మీదనో స్కూటరు మీదనో ఆ కాలువ వంతెన దాటే మనలో ఎందరికి ఇది మన గోదావరి కాలువకు తోబుట్టువు అని తెలుసు? ఒడియా సోదరుల పొలాలకు నీరిచ్చే కాలువ, మన తాతల పొలాలకు నీరిచ్చిన కాలువ ఒకే ఆలోచననుంచి పుట్టినవి.

కనుక సంఘ సభ్యులకు మా మనవి ఇది. ఈ ఉగాది సెలవులలో పిల్లలను జోబ్రాకు తీసికొని వెళ్ళండి. ఈసారి పెండ్లికో శుభకార్యానికో గోదావరి జిల్లాలకు పోయినప్పుడు ఒక పూట ధవళేశ్వరంలో గడపండి. అక్కడ కాటన్ వస్తుశాల కూడా ఉన్నది. అన్నిటికన్న ముఖ్యమైన పని మరొకటి ఉన్నది. మన ఇండ్లలో ఎనభై దాటిన తాతలు, అమ్మమ్మలు ఇంకా కొందరు ఉన్నారు. వారు ఏ లాకుల దగ్గర పడవ ఎక్కారో, ఎక్కడ దిగారో, ఎంత కేవు ఇచ్చారో, రాత్రి పడవలో ఏమి తిన్నారో అడిగి వ్రాసి ఉంచండి. తలుపులకూ తూములకూ లెక్కలు ప్రభుత్వ కచేరీలలో దొరుకుతవి. ఆ పడవ ప్రయాణాల లెక్క మాత్రం వారి నోటనే ఉన్నది. వ్రాసి సంఘ కార్యాలయంలో ఇస్తే, వచ్చే ఏటి సంచికలో అచ్చు వేయించే భారం మేము తీసికొంటాము.